చలానా ఎవరికి ముందు: సైకిల్‌కా, కారుకా?

నేను ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తానని తెలియగానే అందరూ అడిగేది ఒక్కటే: "హెల్మెట్ లేదని మాకు చలానా వేస్తారు కదా, రాంగ్ రూట్‌లో వచ్చే సైకిల్ వాళ్ళని ఎందుకు వదిలేస్తారు?" మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే గొడవ. ఇంట్లో కారూ ఉంది కాబట్టి రెండు వైపులా మాట్లాడతాను.

సైకిల్ వాళ్ళ తప్పు లేకపోలేదు. రాత్రి లైటు లేకుండా ఎదురొచ్చిన సైకిళ్ళకి నేనే రెండుసార్లు సడన్ బ్రేక్ వేశాను. కానీ హైదరాబాద్‌లో చాలాచోట్ల సిగ్నళ్ళు మూసి యూటర్న్‌లు పెట్టారు. రోడ్డు అవతల టిఫిన్ సెంటర్‌కి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి రావాలి. కారులో అది రెండు నిమిషాల పని. నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్‌కి మాత్రం అంత దూరమూ తొక్కుడే. పైగా సైకిల్‌కి నంబర్ ప్లేటు లేదు, లైసెన్సు అక్కర్లేదు, చట్టం లెక్కలో అది మోటారు వాహనమే కాదు. ఒక్క సైకిల్‌ని ఆపి తేల్చేసరికి కానిస్టేబుల్‌కి ఎంత టైము పడుతుందో! నా పేచీ ఆ టైము గురించే: అది ముందు ఎవరి మీద పెట్టాలి?

నా మటుకు తేల్చేది వేగం. సైకిల్, మనిషి కలిపి 80 కిలోలు, గంటకి 15 కిలోమీటర్లు అనుకోండి. కారు 1,200 కిలోలు, 60 కిలోమీటర్లు. బరువు 15 రెట్లు, వేగం 4 రెట్లు. గుద్దే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ నాలుగు కాస్తా 16 అవుతుంది. మొత్తం 240 రెట్లు. అదే కారు 30లో వస్తే 60 రెట్లకి దిగుతుంది. డ్రైవర్ చేసిందల్లా యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త ఎత్తడమే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491. అందులో 70 శాతం పైగా అతివేగం ఖాతాలోవే. కేసు రాసేటప్పుడు 'అతివేగం' అని రాసేయడం తేలికే, ఒప్పుకుంటాను. సగం కొట్టేసినా మిగిలింది తక్కువేం కాదు. మృతుల్లో ఐదో వంతు నడిచి వెళ్ళేవాళ్ళు, మూడు శాతం దాకా సైకిల్ వాళ్ళు. 2013లో కోల్‌కతాలో 174 రోడ్ల మీద సైకిళ్ళని నిషేధించినప్పుడు ఇబ్బంది పడింది పాలవాళ్ళు, పేపర్ వాళ్ళు. దెబ్బ తగిలేవాణ్ణే రోడ్డు దింపడం ఏం భద్రతో నాకు అర్థం కాదు.

మోటారు వాళ్ళ మీద నిఘా బ్రహ్మాండంగా ఉందనీ కాదు. జంక్షన్‌లో ఆగిన బండిని ఫోటో తీయడం తేలిక, అర్ధరాత్రి ఫ్లైఓవర్ మీద దూసుకుపోయే కారుని పట్టడం కష్టం. పట్టినా తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పెండింగ్ చలానాలకి రాయితీ ఇచ్చారు, కార్లకి 60 శాతం. ఇక భయం ఎక్కడుంటుంది?

సైకిల్ హెల్మెట్ మంచిదే, పెట్టుకోండి. రిఫ్లెక్టర్ స్టిక్కర్లు చవక, పోలీసులే ఆపి అంటించి పంపొచ్చు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఆదివారం పొద్దున బాగుంటుంది, వాచ్‌మన్ దారి అటు కాదు.

నా కారు మీదా ఒక అతివేగం చలానా ఉండేది. ఆ రాయితీలోనే కట్టేశాను. దాంతో నా వేగం తగ్గిందా అంటే, లేదు. సైకిల్ కొన్నాక తగ్గింది.