ఘనపదార్థాల కిట్: ఉప్పు ముక్క బాగుంది, ‘క్వార్ట్జ్’ మాత్రం గాజు

హైస్కూలు, ఇంటర్ పిల్లలకు ఘనపదార్థాల రకాలు చేసి చూపించడానికని ల్యాబ్ సామాన్ల షాపులో అమ్మే కిట్ ఇది. డబ్బాలో సైంధవ లవణం ముక్క, కలరా ఉండలు, రాగి రేకు, గ్రాఫైట్ కడ్డీలు, క్వార్ట్జ్ అని లేబుల్ వేసిన ముక్క, మైనం, కరెంటు పారుతుందో లేదో చూపే, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ టెస్టర్, ఓ పల్చటి మాన్యువల్ ఉన్నాయి.

డబ్బు గిట్టేది ఉప్పు ముక్క దగ్గరే. దాని చదునైన ముఖానికి సమాంతరంగా బ్లేడు ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ తడితే అద్దంలాంటి నున్నటి తలంతో రెండుగా చీలుతుంది. బ్లేడు ఏటవాలుగా పెడితే మాత్రం నుగ్గవుతుంది. దెబ్బకి అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) వరస ఒకటి పక్కకి జరిగి సోడియం ఎదురుగా సోడియం, క్లోరైడ్ ఎదురుగా క్లోరైడ్ వస్తాయి. ఒకే ఆవేశాలు నెట్టుకుని ముక్క విడిపోతుంది. అదే సుత్తితో రాగి రేకుని కొడితే సాగి పల్చబడుతుందే తప్ప పగలదు. రెండూ పక్కపక్కన చూపిస్తే అయానిక ఘనానికీ లోహానికీ తేడా వేరే చెప్పక్కర్లేదు. కంటి అద్దాలు మాత్రం కిట్‌లో ఇవ్వలేదు, ఉప్పు పెచ్చులు బాగా ఎగురుతాయి.

టెస్టర్ పనిచేస్తుంది కానీ దాని మొనలు రాగివి. ఉప్పునీళ్లలో కాసేపుంచితే మొన తినేసి, నీళ్ల రంగు మారి మడ్డి దిగుతుంది. వాటి బదులు కిట్‌లోని గ్రాఫైట్ కడ్డీలే క్లిప్పులకి తగిలించండి, సమయోజనీయ ఘనమై (పరమాణువులు ఎలక్ట్రాన్లు పంచుకుని అల్లుకున్న ఘనమై) ఉండి కూడా కరెంటు పారనిచ్చే వింత పదార్థం అదే. అయిదారు సెకన్లు చాలు, ఎక్కువసేపుంచితే క్లోరిన్ వాసన వస్తుంది. బోరు నీళ్లు వాడితే ఉప్పు వేయకముందే ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతుంది. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చెంచా ఉప్పు లెక్క. పొడి ఉప్పు ముక్క మీద ఎలాగూ వెలగదు, అయాన్లు ఉన్నచోటు నుంచి కదల్లేవు కాబట్టి.

‘ఉప్పుని పరీక్షనాళికలో కరిగించి వాహకత చూడండి’ అంటుంది మాన్యువల్. ఇది రాసినవాళ్లు ఒక్కసారైనా చేసి చూసినట్టు లేదు. ఉప్పు కరిగేది 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మామూలు సోడా గాజు దాదాపు 700 దగ్గరే మెత్తబడుతుంది, అంటే ఉప్పు కంటే ముందు నాళికే వంగిపోతుంది. ఆ పేజీ వదిలేయండి.

కలరా ఉండల పట్టికలో నాఫ్తలీన్, 80 డిగ్రీలు అని ఉంది. బజార్లో అదే పేరుతో పారాడైక్లోరోబెంజీన్ ఉండలు కూడా దొరుకుతాయి, అవి 53 దగ్గరే కరుగుతాయి. చిన్న ముక్కని నాళికలో వేసి 65 డిగ్రీల వేణ్నీళ్లలో అయిదు నిమిషాలుంచితే తేలిపోతుంది. కరిగితే నాఫ్తలీన్ కాదు. ఏదైనా అణు ఘనమే, అణువుల మధ్య పట్టు బలహీనం. మూత తీసిన కర్పూరం డబ్బా తరిగిపోవడానికీ కారణం ఇదే. మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. కిటికీలు తెరిచి చేయాలి, ఉండలు చిన్నపిల్లల చేతికి అందనివ్వకూడదు.

ఇక ‘క్వార్ట్జ్’ సంగతి. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, పోలరైజ్డ్ చలవ కళ్లద్దాన్ని తెర నల్లబడేదాకా తిప్పాలి. ముక్కని మధ్యలో పెట్టి అటూ ఇటూ తిప్పితే, అసలు క్వార్ట్జ్ ఏదో ఒక వైపు నుంచి తళుక్కుమంటుంది. ఈ కిట్‌లో ముక్క ఎటు తిప్పినా నల్లగానే ఉంది. పైగా గాజు సీసా మీద గట్టిగా గీసినా లోతైన గీత పడలేదు. మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ కాఠిన్యం 7, గాజుది సుమారు 5.5, అసలు క్వార్ట్జ్ అయితే గాజు మీద గీత పడాలి.

అస్ఫటిక ఘనానికి, అంటే కణాలు క్రమం లేకుండా ఉన్న ఘనానికి, ఉదాహరణగా మైనం ఇవ్వడం మరో పొరపాటు. మైనం ఒకే డిగ్రీ దగ్గర కరగకపోవడానికి కారణం అది మిశ్రమం కావడం, అందులో స్ఫటిక భాగం చాలానే ఉంటుంది. పాత కిటికీ అద్దాల అడుగు మందంగా ఉండటానికి గాజు కిందికి జారడమే కారణమన్న పాత కథ కూడా మాన్యువల్‌లో ఉంది. అప్పట్లో అద్దాలు ఒకే మందంతో తయారయ్యేవి కావు, అంతే.

లేబుల్ చింపేసి ఆ గాజు ముక్కని మైనం గడిలో పెట్టుకుని, క్వార్ట్జ్ ముక్క ఒకటి విడిగా కొనుక్కుంటే ఈ కిట్‌తో రెండు పీరియడ్లు హాయిగా నడపొచ్చు.