బరువు పడవకు 10 పిచ్ ప్రొపెల్లర్: కళింగపట్నంలో కొన్నేళ్ల వాడకం తర్వాత

లోడు ఎక్కిన పడవ నీటి మీదికి లేవనని మొరాయిస్తే అందరూ ముందు ఇంజనునే అనుమానిస్తారు. కార్బురేటర్ విప్పుతారు, ప్లగ్గులు మారుస్తారు, చివరికి పెద్ద ఇంజను బేరమాడతారు. అంత ఖర్చు పెట్టే ముందు ప్రొపెల్లర్, అంటే నీటిలో తిరిగి పడవను తోసే రెక్కల చక్రం, మీద చెక్కి ఉన్న అంకెలు చదవండి. మా పడవ విషయంలో సమస్యంతా ఆ అంకెల్లోనే ఉంది.

మాది ఇరవై మూడు అడుగుల ఫైబర్ పడవ, వెనుక బయట బిగించే 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజను. ఐదుగురు మనుషులు, ఐసు, పెట్రోలు డబ్బాలు, తడిసిన వలలు అన్నీ చేరితే ఇంజనుతో కలిపి పన్నెండు వందల కిలోల దగ్గరికి వస్తుంది. ఇంజనుతో పాటు వచ్చిన ప్రొపెల్లర్ 13 పిచ్ (పిచ్ అంటే ఏమిటో కింద చెబుతాను). ఖాళీ పడవకు అది మహా వేగం. సరుకుతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ముక్కు ఆకాశం వైపు, వెనుక భాగం నీటిలోకి. పూర్తి థ్రాటిల్ (ఇంజను వేగం పెంచే పిడి) ఇచ్చినా జీపీఎస్‌లో ఎనిమిది నాట్లు దాటేది కాదు. నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు.

పిచ్ అంటే జారుడు లేకుండా ఒక్క చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం, అంగుళాల్లో. నీరు గట్టి పదార్థం కాదు కాబట్టి జారుడు తప్పదు. పడవ తాను లేపిన కెరటాన్నే ఎక్కి దాటాల్సిన ఘడియ ఒకటి ఉంటుంది. అక్కడ తోపు, అంటే ముందుకు నెట్టే బలం, బాగా కావాలి, కానీ పడవ వేగం తక్కువ. పిచ్ ఎక్కువైతే ఇంజను తన శక్తి పుట్టే చుట్ల దాకా చేరనే చేరదు. సాలూరు ఘాట్‌లో లోడు లారీని పై గేరులో ఎక్కించబోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

మా ఇంజను పుస్తకంలో పూర్తి థ్రాటిల్‌కు నిమిషానికి 4500 నుంచి 5500 చుట్లు ఉండాలని రాసి ఉంది. పడవకు చుట్ల మీటరు లేదు. ప్లగ్గు తీగకు చుట్టి చూసుకునే చిన్న డిజిటల్ మీటరు కొన్నాను. చవకైనదే, అయినా నేను కొన్న సామానులో దానికి మించి అక్కరకొచ్చింది మరొకటి లేదు. లోడుతో చూస్తే 3900. అంటే ఇంజను ఎప్పుడూ గొంతు పట్టుకున్నట్టే నడుస్తోంది. అలా నడిపితే పొగ, మసి, పిస్టన్ వేడి, వృథా అయ్యే పెట్రోలు అన్నీ కలిసి వస్తాయి.

లెక్క చూడండి. మా ఇంజను గేరు నిష్పత్తి 2, అంటే ఇంజను రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒకటి. చుట్లను పిచ్‌తో గుణించి, గేరు నిష్పత్తితోనూ 1215తోనూ (నిమిషానికి అంగుళాలను నాట్లలోకి మార్చే అంకె) భాగిస్తే జారుడు లేనప్పటి వేగం నాట్లలో వస్తుంది. 3900 చుట్లు, 13 పిచ్ అంటే దాదాపు 21 నాట్లు. మాకు వచ్చినవి ఎనిమిది. అరవై శాతానికి పైగా జారుడు. అది ప్రయాణం కాదు, నీటిని చిలకడం.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారుగా 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయని మెకానిక్కులు చెబుతారు. 12 పిచ్‌తో పెద్ద తేడా రాలేదు. 11తో పడవ లేచింది గానీ చాలా దూరం సాగదీసి, అదీ ఇద్దరు కళాసీలు (పడవ పనివాళ్లు) ముందుకు జరిగి కూర్చుంటేనే. 11.75 అంగుళాల వ్యాసం, 10 పిచ్ ఉన్న మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్ బిగించాక మాత్రం పడవ మారిపోయింది. అదే లోడుతో 5200 చుట్లు, పదహారు నాట్లు. జారుడు నాలుగో వంతుకు దిగింది. ఒకసారి లేచాక థ్రాటిల్ 4500కు తగ్గించి పద్నాలుగు నాట్లతో హాయిగా వస్తాం. లీటరుకు అర నాటికల్ మైలు వచ్చే చోట ఇప్పుడు ఒక మైలుకు దగ్గరగా వస్తోంది.

వ్యాసం సంగతి చాలామంది పట్టించుకోరు. పిచ్ తగ్గేకొద్దీ వ్యాసం కాస్త పెరిగే ప్రొపెల్లర్లు మా ఇంజనుకు దొరుకుతాయి. బరువు పడవకు కావలసింది అదే, ఎక్కువ నీటిని పట్టి నెమ్మదిగా తోయడం. వ్యాసం తగ్గించి చుట్లు పెంచుకోవాలని చూస్తే అలల్లో పట్టు జారిపోతుంది.

10 పిచ్‌కు ఒక లోపం ఉంది, నేను దాన్ని చిన్నదిగా చూపించను. ఖాళీగా వెళ్లేటప్పుడు పూర్తి థ్రాటిల్ ఇస్తే చుట్లు 5500 దాటిపోతాయి. చేయి అదుపులో ఉండాలి. కొత్త సరంగుకు (పడవ నడిపేవాడికి) పడవ అప్పగిస్తే ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి. ఎప్పుడూ ఇద్దరితో, తేలిక సరుకుతో తిరిగేవారికి 10 పిచ్ తగదు. వారికి 12 చాలు.

నాలుగు రెక్కల ప్రొపెల్లర్ కూడా తోటి పడవ వారి దగ్గర అడిగి తెచ్చి కొంతకాలం వాడాను. పట్టు అద్భుతం. వేగం తగ్గించినా పడవ త్వరగా కిందికి కూర్చోదు, మలుపుల్లో పైనుంచి గాలి పీల్చి పట్టు వదలదు, అదురు తక్కువ. అదే పిచ్‌లో చుట్లు కొంచెం తగ్గుతాయి కాబట్టి మూడు రెక్కలదాని కన్నా ఒక అంగుళం తక్కువ పిచ్ తీసుకోవాలి. పై వేగం కూడా కొంత పోతుంది. ధర తేడా భరించగలిగితే, నైరుతి గాలుల్లో ఎక్కువగా వేటకు వెళ్లేవారికి నేను దాన్నే సూచిస్తాను. వంశధార నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట మీద కెరటాలు విరిగేటప్పుడు, ముందున్న కెరటం వీపు మీదే ఉండి లోపలికి రావాలి. అప్పుడు థ్రాటిల్ అడిగిన వెంటనే తోపు దొరకడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోమని దుకాణాల్లో బాగా చెబుతారు. దాని రెక్క పలుచన, వంగదు, వేగం వస్తుంది. నిజమే. కానీ శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, అందులో ఎక్కువ చోట్ల మనం పడవను ఇసుక మీదికే ఎక్కించాలి. ఇసుక మేటకో రాతికో తగిలితే అల్యూమినియం రెక్క వంగుతుంది, లేదా విరుగుతుంది. స్టీలు వంగకపోతే ఆ దెబ్బ గేరుకు చేరే ప్రమాదం ఎక్కువ. మధ్యలో ఉండే రబ్బరు బుష్ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. అందుకే అల్యూమినియందే బిగించి, మరొకటి పడవలోనే అదనంగా పెట్టుకుంటాను. స్ప్లిట్ పిన్నులు, నట్టుకు సరిపడే పానా కూడా.

ప్రొపెల్లర్ మార్చే ముందు డబ్బు ఖర్చు లేని పనులు రెండు చేయండి. ఐసు పెట్టె, పెట్రోలు డబ్బాలు వెనుక నుంచి మధ్యకు జరపండి. ఇంజను వంపు పిన్నును ఒక రంధ్రం లోపలికి వేసి చూడండి, ముక్కు త్వరగా దిగుతుంది. ప్రొపెల్లర్ పైనున్న పళ్లెం పడవ అడుగు మట్టానికి దగ్గరగా ఉందో లేదో కూడా గమనించండి. ఇంజను మరీ పైకి బిగిస్తే ప్రొపెల్లర్ గాలి పీల్చి, చుట్లు ఒక్కసారిగా ఎగురుతాయి, తోపు మాత్రం ఉండదు. థ్రాటిల్ తగ్గించినా ఇదే లక్షణం వదలకపోతే రబ్బరు బుష్ జారుతోందేమో చూడాలి. ఈ రెండు కారణాల్లో ఏదో తేల్చుకోకుండా కొత్త ప్రొపెల్లర్ కొన్నవారు మా రేవులోనే ఉన్నారు.

ఇన్నేళ్లలో నా 10 పిచ్ ప్రొపెల్లర్ రెక్కల అంచులు ఇసుకకు అరిగి గుండ్రబడ్డాయి, పట్టు కొంచెం తగ్గింది, అయినా లోడుతో చుట్లు ఇంకా 5000 పైనే చూపిస్తోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లోనే ప్రొపెల్లర్ ఊడదీస్తాను. షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ దారం ఆయిల్ సీలును కోసేస్తుంది. గేరు ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్టే, సీలు మార్చకుండా మళ్లీ బిగించకండి. షాఫ్టు పళ్లకు నీటిలో కరగని గ్రీజు పూయడం మరిచిపోతే, మరుసటి ఏడాది ఆ ప్రొపెల్లర్‌ను సుత్తితో కొట్టినా ఊడిరాదు.