గుండ్రటి స్పోక్ కీ: గెలల సైకిలు మీద ఏళ్లపాటు వాడాక

చక్రం బెండు తీయడానికి రావులపాలెంలో కొన్న గుండ్రటి స్పోక్ కీ గురించి నాలుగు మాటలు. ఖరీదు వంద రూపాయల లోపే. బిళ్లలా ఉంటుంది, అంచు చుట్టూ 10 నుంచి 15 దాకా నంబర్లు వేసిన గాట్లు. లంకలోంచి మార్కెట్టుకి అరటి గెలలు మోసే పాత రాడ్ బ్రేకుల సైకిలు మాది. ముందు చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), వెనక 40. బరువంతా వెనకే కాబట్టి పుల్లలు వదులయ్యేదీ అక్కడే.

గాటు సరిగ్గా ఎంచుకుంటే కీ బాగానే పనిచేస్తుంది. నిపిల్‌కి, అంటే పుల్లని రిమ్ముకి బిగించే చిన్న మర నట్టుకి, తగిలించి కదిపి చూడండి, లూజు ఉండకూడదు. లూజు గాటుతో బలవంతం చేస్తే నిపిల్ అంచులు అరిగి గుండ్రమైపోతాయి. ఆ తర్వాత పుల్ల కోసి కొత్తది వేయించుకోవడమే. నా కీలో ఎక్కువగా వాడే గాటు ఇప్పటికే కాస్త విచ్చుకుంది. ఇనుము మెత్తన, అదే నా ఫిర్యాదు. సైకిళ్లన్నిటికీ ఒకటే సైజు నిపిల్స్ ఉన్నవాళ్లు ఆ ఒక్క సైజుకే చేసిన కీ కొనుక్కోవడం మేలు.

అయినా మన డెల్టాలో కీ కంటే పెద్ద తలనొప్పి తుప్పు. కాలవ గట్ల బురద, సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి, దాంతో మరలు పట్టేస్తాయి. ముందురోజు రాత్రే నిపిల్ మొదట్లో కిరసనాయిలో, పల్చటి మిషన్ ఆయిలో ఒక చుక్క వేసి వదిలేస్తాను. పొద్దున్నకి చాలావరకు కదులుతాయి.

సైకిలు బోర్లా పెట్టి, చక్రం పైభాగంలో, టైరు మీదనుంచి కిందికి చూస్తూ కుడికి తిప్పితే బిగుసుకుంటుంది. చక్రం అడుగుభాగంలో పనిచేస్తే ఇదంతా తారుమారు, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. రిమ్ము ఎడమకి వస్తుంటే అక్కడి కుడి పుల్లలు పావు చుట్టు బిగించి, ఎడమవి పావు చుట్టు వదలాలి. ఒకే పుల్లని పట్టుకుని చుట్లు చుట్లు తిప్పేస్తే వంకర పక్కకి జరుగుతుంది తప్ప పోదు. నేనైతే ముందు పుల్లలన్నీ వేలితో మీటుతూ వెళ్తాను. గట్టిది టింగుమంటుంది, వదులుది డబ్బుమంటుంది.

రాడ్ బ్రేకు సైకిళ్లకి ఇంకో సంగతుంది. వీటి బ్రేకు రబ్బరు రిమ్ము పక్కల్ని కాదు, ఇరుసు వైపున్న లోపలి ముఖాన్ని పట్టుకుంటుంది. పక్కల ఊగు కాస్త ఉన్నా నడుస్తుంది గానీ ఎత్తుపల్లం ఉంటే బ్రేకు కుదుపులు కుదుపులుగా పడుతుంది, గెలల బరువుతో గట్టు దిగేటప్పుడు గుండె జారుతుంది. రిమ్ము పైకి లేచినచోట రెండు వైపుల పుల్లలూ సమంగా బిగించాలి. గోతిలో పడి రిమ్మే నొక్కుకుపోతే మాత్రం ఈ కీతో లాభం లేదు, షాపుకి తీసుకెళ్లాల్సిందే.

బాగా బిగించాల్సివచ్చిందా, టైరు, ట్యూబు విప్పి లోపల చూడండి. నిపిల్ దాటి పైకొచ్చిన పుల్ల మొనల్ని ఆకురాయితో రాసేయాలి, లేదంటే మర్నాడే పంక్చరు.