కరుచుకుపోయిన సస్పెన్షన్ బోల్టు: నూనెతో నానబెట్టాలా, మంట పెట్టాలా?

మిర్యాలగూడ వైపు వరి నాట్ల కాలంలో రోడ్డంతా ట్రాక్టర్లు ఈడ్చుకొచ్చిన బురదే. అది కారు కింద పట్టి తేమ నిలిస్తే, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేయి) బోల్టు, దాని బుష్ (రబ్బరు కీలు) లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. నట్టు వస్తుంది, బోల్టు రాదు.

ఇంటి దగ్గర చేసేవాళ్లకు నా ఓటు నూనెకే. మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్లీ కొట్టి, ఆరు పలకల సాకెట్‌కు పొడవైన రాడ్ తగిలించి కొంచెం వదులు చేయడం, కొంచెం బిగించడం. ఇలా అటూ ఇటూ ఆడిస్తుంటే గోధుమరంగు పొడి నూనెతో కలిసి బయటికొస్తుంది. అది కనిపించిందంటే సగం పని అయినట్టే. పన్నెండు పలకల సాకెట్ వద్దు, మూలలు అరిగిపోతాయి. కారు జాకీ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి.

మంట త్వరగా పనిచేస్తుంది, కాదనను. వేడికి బోల్టు చుట్టూ ఉన్న ఇనుప గొట్టం వ్యాకోచించి తుప్పు పట్టు వదులుతుంది. కానీ బుష్ రబ్బరు కాలుతుంది, బ్రేకు గొట్టం పక్కనే ఉంటుంది, గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బరు వేడెక్కితే పేలొచ్చు. ముందు కొట్టిన స్ప్రే కూడా అంటుకుంటుంది. బుష్ ఎలాగూ మార్చేస్తున్నారంటే మెకానిక్ చేతే మంట పెట్టించండి. ఎర్రగా కాగిన బోల్టు బలం తగ్గుతుంది, కొత్తదే వేయాలి.