వోర్టెక్స్ వైపర్ పీఎస్‌టీ జెన్ 2, 5-25×50: టరెట్ తిప్పాలా, గీత మీద పట్టాలా?

దూరపు గురికి స్కోప్ కొన్నప్పుడు మన డబ్బులో పెద్ద వాటా రెండు చోట్లకు పోతుంది: పైన తిరిగే ఎలివేషన్ టరెట్‌కు (ఎత్తు సరిచేసే పిడి), లోపల అద్దం మీద చెక్కిన రెటికిల్‌కు (గురి గీతలు). తూటా ఎంత కిందికి జారుతుందో అంత సరిచేయడమే రెంటి పనీ. టరెట్ తిప్పితే గురి మధ్య చుక్క మీదే ఉంటుంది. హోల్డ్ పెడితే టరెట్ జీరో దగ్గరే ఉంటుంది, కింది గీతల్లో ఒకదాన్ని గురి మీదికి తెస్తాం. ఈ స్కోప్ రెండింటికీ సరంజామా ఇచ్చింది. అయితే రెండూ ప్రతి జూమ్ దగ్గరా సమానంగా పనిచేయవు. 25 ఎక్స్ (25 రెట్ల జూమ్) దగ్గర ఇది టరెట్ స్కోప్. 18 ఎక్స్‌కో అంతకంటే కిందికో దించితేనే పూర్తి రెటికిల్ స్కోప్ అవుతుంది. కొనేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఇదే.

స్పెసిఫికేషన్లు క్లుప్తంగా: 30 మిల్లీమీటర్ల ట్యూబ్, దాదాపు 885 గ్రాముల బరువు, ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రెటికిల్ (జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గే రకం). ఇక్కడ మాట్లాడేది ఎంరాడ్ మోడల్ గురించి, అంటే మిల్ కొలతల్లో నడిచేది (ఒక మిల్ అంటే 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు). ఒక్కో క్లిక్ 0.1 మిల్, టరెట్ ఒక చుట్టుకు 10 మిల్, మొత్తం ఎలివేషన్ ప్రయాణం 20 మిల్. రెటికిల్ ఈబీఆర్-7సీ, నిలువు, అడ్డ రేఖల మీద 0.2 మిల్‌కో చిన్న గీత, మధ్య నుంచి కిందికి క్రిస్మస్ చెట్టులా విచ్చుకునే చుక్కలు.

లెక్కకు ఒక పట్టిక పెట్టుకుందాం. 100 మీటర్లకు జీరో చేసిన (అంటే ఆ దూరంలో తూటా మధ్య చుక్క మీదే పడేలా సరిచేసిన) 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్‌కు, 140 గ్రెయిన్ల తూటాతో, సుమారుగా 400 మీటర్లకు 2.3 మిల్, 500కు 3.4, 600కు 4.5, 800కు 6.9, 1000కి 9.7 అనుకోండి. మీ రైఫిల్ వేగం, ఆ రోజు గాలి సాంద్రత బట్టి ఇవి మారతాయి. మీ పట్టిక మీరే కాల్చి తెచ్చుకోవాలి.

ఇప్పుడు 25 ఎక్స్ పెట్టి, 1000 మీటర్ల గురికి హోల్డ్ వెతకండి. గీత దొరకదు. ఈ స్కోప్ 25 ఎక్స్ దగ్గర 100 గజాలకు 4.8 అడుగుల వెడల్పే చూపిస్తుంది, అంటే కోణంలో 16 మిల్. మధ్య నుంచి కింది అంచుకు ఉన్నది 8 మిల్ మాత్రమే. 9.7 మిల్ గీత అద్దం మీద చెక్కే ఉంది, కానీ మీ కంటికి కనిపించే వలయం బయట ఉంది. 800 మీటర్ల 6.9 కనిపిస్తుంది కానీ అంచుకు అతుక్కుని ఉంటుంది. ఏ స్కోప్‌కైనా బొమ్మ అంచు దగ్గర పదును తగ్గుతుంది, రంగు అంచులు విడతాయి. పైగా తూటా గురికి కింద పడితే దుమ్ము ఎక్కడ లేచిందో చూడటానికి చోటే ఉండదు. 18 ఎక్స్‌కు దించితే వలయం సుమారు 22 మిల్ అవుతుంది, కిందికి 11 దొరుకుతుంది. 15 ఎక్స్ దగ్గర ఇంకా హాయి. అయితే మరీ దించినా చిక్కే. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో గీతల కొలత ఏ జూమ్‌లోనైనా మారదు, నిజమే. కానీ జూమ్‌తో పాటు గీతలూ సన్నబడతాయి. 5 ఎక్స్ దగ్గర 0.2 గీతలు లెక్కపెట్టడం కుదిరే పని కాదు. హోల్డ్ పద్ధతికి ఈ స్కోప్‌లో పనికొచ్చే మేర 12 నుంచి 18 ఎక్స్.

సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ వాడి దీనికి మారేవాళ్లకు ఒక మాట: అక్కడ గీత విలువ ఒకే జూమ్ దగ్గర సరైనది, జూమ్ సగానికి తగ్గిస్తే గీత విలువ రెట్టింపు. 20 ఎక్స్‌కు లెక్కగట్టిన 3 మిల్ గీత 10 ఎక్స్‌లో 6 మిల్ అయిపోతుంది. ఆ గొడవ ఇక్కడ లేదు.

టరెట్ సంగతి. క్లిక్‌లు స్పష్టంగా ఉంటాయి, అంకెలు చదవడానికి ఇబ్బంది లేదు, ఎర్రటి ఫైబర్ సూచిక టరెట్ ఏ స్థానంలో ఉందో చూపిస్తుంది. జీరో చేశాక ఆర్‌జెడ్‌ఆర్ జీరో స్టాప్ బిగిస్తే, చీకట్లోనైనా ఆగేదాకా వెనక్కి తిప్పి జీరోకు చేరుకోవచ్చు. 10 మిల్ చుట్టు అంటే పై పట్టికలోని 1000 మీటర్లు కూడా మొదటి చుట్టులోనే సరిపోతాయి, ఇది చాలా పెద్ద సుఖం. రెండో చుట్టులోకి వెళ్లే తూటాలకు (.308 లాంటివాటికి) జాగ్రత్త కావాలి: చుట్టు లెక్క తప్పితే పొరపాటు సరిగ్గా 10 మిల్, 1000 మీటర్ల దగ్గర పది మీటర్లు. టరెట్ కింద బయటపడే అడ్డగీతలు చూసే అలవాటు చేసుకోండి. పైకి లాగి లాక్ చేసే ఏర్పాటు దీనికి లేదు. సంచిలోంచి తీసిన ప్రతిసారీ, కాల్చే ముందు, అంకె చూడాల్సిందే.

20 మిల్ ప్రయాణం మొత్తం మీ చేతికి రాదు. చదునైన బేస్ (రైఫిల్ మీద స్కోప్‌ను బిగించే పట్టీ) మీద జీరో చేస్తే పైకి మిగిలేది దాదాపు సగమే. 20 ఎంఓఏ (ఇదీ కోణపు కొలతే) వాలున్న బేస్ వేస్తే 5.8 మిల్ కలిసొస్తుంది, 15 దాకా చేరుకోవచ్చు. ఈ స్కోప్‌కు ఆ బేస్ తప్పనిసరి అనే నా అభిప్రాయం. ట్యూబ్ గుండ్రం కాబట్టి ఎలివేషన్ చివరి అంచులకు వెళ్లేకొద్దీ పక్కకు తిప్పే మేర కుంచించుకుపోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

టరెట్ ఒక మర. మర అరుగుతుంది, తేడాగా తయారవుతుంది. రెటికిల్ అద్దం మీద చెక్కింది, కదలదు. అందుకే టరెట్‌ను నమ్మే ముందు పొడుగు టార్గెట్ పరీక్ష చేయాలి. టేపుతో కొలిచిన 100 మీటర్ల దగ్గర మీటరున్నర ఎత్తు అట్ట నిలబెట్టి, తూకపుగుండు వేలాడదీసి దాని వెంట నిలువు గీత గీయండి. అడుగున చుక్కకు గురిపెట్టి, టరెట్ జీరోలో ఒక గుంపు (వరుసగా కొన్ని తూటాలు) కాల్చండి. 10 మిల్ తిప్పి, అదే చుక్కకు గురిపెట్టి మరో గుంపు కాల్చండి. రెండు గుంపుల కేంద్రాల మధ్య 100 సెంటీమీటర్లు ఉండాలి. 98 వచ్చిందంటే టరెట్ రెండు శాతం తక్కువ తిరుగుతోంది. 9.7 మిల్‌కు అది 0.19 మిల్, 1000 మీటర్ల దగ్గర 19 సెంటీమీటర్లు కిందికి. స్కోప్ పారేయనక్కర్లేదు, బాలిస్టిక్ యాప్‌లో (తూటా జారుడు లెక్కగట్టేది) ఆ శాతం దిద్దితే చాలు. తర్వాత జీరోకు తిప్పి మళ్లీ కాల్చి, మొదటి గుంపు మీదికే వచ్చిందో లేదో చూడండి. రాకపోతే యాప్ కాపాడదు. ముందు రింగుల బిగువు, బేస్ స్క్రూలు చూసుకోవాలి.

ఈ పరీక్షలోనే ఇంకోటి బయటపడుతుంది. టరెట్ తిప్పుతున్నప్పుడు మధ్య చుక్క తూకపు తాడు వెంటే కదలాలి. పక్కకు జరిగితే స్కోప్ రింగుల్లో వంకరగా కూర్చుందన్నమాట. రైఫిల్ పక్కకు వాలితే అది టరెట్ తిప్పేవాళ్లనీ, హోల్డ్ పెట్టేవాళ్లనీ సమానంగా దెబ్బతీస్తుంది. 9.7 మిల్ సవరణకు 2 డిగ్రీల వాలు పక్కకు 0.34 మిల్, 1000 మీటర్ల దగ్గర 34 సెంటీమీటర్లు. గాలి అంచనా తప్పిందని చాలామంది అనుకునేది నిజానికి ఈ వాలే. రైఫిల్‌కు చిన్న బబుల్ లెవెల్ బిగించండి.

గాలికి మాత్రం టరెట్ తిప్పకండి. గాలి మీరు తిప్పే లోపే మారుతుంది. ఎలివేషన్ తిప్పి, గాలిని హోల్డ్ పెట్టడం అనుభవజ్ఞుల్లో ఎక్కువమంది పద్ధతి, దానికి బలమైన కారణం ఉంది: ఎలివేషన్ తిప్పాక గాలి హోల్డ్ అడ్డంగా సాగే ప్రధాన రేఖ మీద పడుతుంది. రెండూ హోల్డ్ పెడితే 6.9 కిందికి, 0.7 పక్కకు, చెట్టులోని చుక్కల మధ్య ఖాళీలో గురి వేలాడుతుంది. ఏ వరుసో ఒక్కటి తప్పు లెక్కపెడితే పొరపాటు ఒక పూర్తి మిల్, 600 మీటర్లకే 60 సెంటీమీటర్లు. గడ్డి, పొదల నేపథ్యంలో ఆ చుక్కలు తూటా పడ్డ చోటును కూడా కప్పేస్తాయి.

మరి హోల్డ్ ఎప్పుడు? సమయం లేనప్పుడు. పీఆర్‌ఎస్ (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్) తరహా పోటీల్లో తరచూ 90 నుంచి 120 సెకన్లలో నాలుగైదు దూరాల ప్లేట్లు కొట్టాలి. ప్రతి దూరానికీ తల ఎత్తి, చెయ్యి తీసి, తిప్పి, మళ్లీ చెంప ఆనించడానికి పోయే సెకన్లు అక్కడ చాలా విలువైనవి. అలాంటిచోట ఈ స్కోప్‌తో బాగా కుదిరేది మధ్యేమార్గం: ప్లేట్లు 400, 500, 600లో ఉంటే 3.4 తిప్పి వదిలేయండి. 500కు మధ్య చుక్క. 600కు కింది 1.1 గీత. 400కు పై నిలువు రేఖ మీద 1.1, అంటే గురి మధ్య చుక్కకు పైన ఉంటుంది. గీతలన్నీ బొమ్మ నడిమిలోనే ఉంటాయి కాబట్టి 20 ఎక్స్ పైన కూడా నడుస్తుంది. 1.1 గీత 1.0కీ 1.2కీ నడుమ పడుతుంది, కానీ ఆ అంచనాలో 0.05 తప్పినా 600 దగ్గర 3 సెంటీమీటర్లే. ఏ ప్లేట్‌కు పైకి, ఏ ప్లేట్‌కు కిందికి అన్నది చేతికి కట్టిన కార్డు మీద బాణం గుర్తుతో రాసుకోండి. ఈ పద్ధతిలో ఎక్కువ తూటాలు పోయేది హోల్డ్ దిశ తారుమారైనప్పుడే. రెండో కారణం, స్టేజ్ (పోటీలో ఒక విడత) అయ్యాక టరెట్‌ను జీరోకు తిప్పడం మరచిపోవడం.

మొదటి తూటా తప్పితే దిద్దుబాటుకు ఎప్పుడూ రెటికిలే. దుమ్ము లేచిన చోటు గురికి ఎన్ని మిల్ దూరమో గీతతో కొలవండి, ఆ మేరకు ఎదురు హోల్డ్ పెట్టి వెంటనే కాల్చండి. సెంటీమీటర్లలోకి మార్చనక్కర్లేదు.

ఎఫ్-క్లాస్ లాగా ఒకే దూరంలో కాల్చేవాళ్లకు ఈ చెట్టు రెటికిల్ అనవసరపు బరువు. సాదా రెటికిల్, ఇంకా సన్నని క్లిక్‌లున్న స్కోప్ చూసుకోవడం మేలు. 600 మీటర్ల లోపు వేగంగా దూరాలు మార్చేవాళ్లకు 15 ఎక్స్ దగ్గర పెట్టి పూర్తిగా హోల్డ్‌తోనే నడపడానికి ఇది చక్కగా సరిపోతుంది. 800 దాటితే మాత్రం తిప్పండి.