పెరట్లో బండల కొట్టం: ఇన్నేళ్లు వాడాక

అనంతపురం శివార్లలో మా ఇంటి వెనక సామాన్ల కోసం 2019లో ఒక కొట్టం వేసుకున్నాం. పది అడుగులు ఇటు, పన్నెండు అటు. చుట్టూ తాడిపత్రి బండలు, పైన రేకులు. డ్రిప్పు పైపులు, స్ప్రేయరు, పాత మోటారు, ఎరువులు, విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు, పనికిరాకపోయినా పారేయడానికి మా నాయనకు మనసొప్పని సామాను, అన్నీ అందులోనే. ఇన్నేళ్లకు ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. మన దిక్కు కొట్టానికి వాన కంటే గాలి, ఎండ పెద్ద పరీక్ష. ఖర్చు అక్కడ పెట్టాలి.

గోడల సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే వాటి గురించి ఫిర్యాదే లేదు. గాడి తీసి, ఏడడుగుల బండలను అడుగున్నర లోతు పాతి, వాటి మొదళ్ల చుట్టూ కాంక్రీటు పోసి, సందులు సిమెంటుతో పూడ్చాం. పల్లెల్లో దొడ్లకు, చేలకు బండలు నాటేది ఇట్లనే. చెద పట్టదు, సున్నం అక్కర్లేదు, ఎలుక తవ్వలేదు. మాది ఎర్రనేల కాబట్టి ఇది చాలింది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఇట్ల చేయొద్దు. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల అది, బండలు వాలిపోతాయి. అక్కడ పునాది గట్టిగా వేయాల్సిందే.

అసలు విషయం పైకప్పు. దాని బరువంతా మోసేది మూలల్లో నాటిన ఇనుప పైపులే, బండల మీద ఏమీ లేదు. బండలకు, రేకులకు మధ్య రెండడుగుల ఖాళీ ఉంది. అందరూ ఆ ఖాళీకి నాలుగు వైపులా జాలీ కొట్టమన్నారు, గాలి ఆడుతుందని. నేను తూర్పు, ఉత్తరం వైపు మాత్రమే జాలీ పెట్టించి, పడమర, దక్షిణం రేకుతో మూయించాను. మన దిక్కు ఆషాఢం గాలి ఎట్లుంటుందో తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆ గాలి వచ్చేది పడమటి నుంచి. అటు తెరిచి ఉంటే లోపలికి దూరి కప్పును కింది నుంచి ఎత్తుతుంది, పైన పోయే గాలి మీదికి లాగుతుంది. రెండూ కలిస్తే రేకు లేచిపోతుంది. మా వీధిలో ఒకరి షెడ్డుకు అదే జరిగింది. చూరు కూడా అంతే. వాన జల్లు కొట్టకుండా రెండడుగులు బయటికి పెట్టమంటారు, గాలి పట్టుకునేది మాత్రం ఆ చూరునే. నేను అడుగుతో ఆపేశాను. జాలీ వైపు అప్పుడప్పుడు జల్లు పడుతుంది. అది తుడుచుకోవచ్చు.

స్క్రూలు రేకు గాడిలో కాదు, గట్టు మీద కొట్టించాలి. నీళ్లు పారేది గాడిలోనే. అంచుల్లో, మూలల్లో దగ్గర దగ్గరగా పడాలి. వెల్డింగ్ చేసే అతను నడిమధ్య ఎన్ని కొడితే అంచునా అన్నే చాలన్నాడు. పక్కన నిలబడి కొట్టించుకోవాల్సి వచ్చింది. రేకు అర మిల్లీమీటరుది వేయించాను. అంతకంటే పలచవి తక్కువలో వస్తాయి గానీ, గాలికి దడదడలాడి స్క్రూల దగ్గర బెజ్జం పెద్దదవుతుంది. సిమెంటు రేకుల జోలికి పోలేదు. చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి ఊళ్లో కాలనీలు మునిగినప్పుడు మాకూ గట్టి వానే పడింది. కొట్టం నేలను అడుగు ఎత్తు లేపి బండలు పరిపించాం కాబట్టి కింద చుక్క నీరు రాలేదు. పైన మాత్రం రెండు చోట్ల కారింది. ఎక్కి చూస్తే స్క్రూ తల కింద రబ్బరు ఎండకు గట్టిపడి పగిలింది. రేకు చెడలేదు, రబ్బరు చెడింది. అప్పటి నుంచి మృగశిర కార్తెకు ముందే ఎక్కి, పాడైనవి మార్పిస్తున్నా. అసలు ఈ ఒక్క పనికే ప్రతి ఏడాదీ చెయ్యి పెట్టాల్సి వస్తోంది.

ఎండ విషయంలో పూర్తి మార్కులు వేయలేను. వేడి జాలీ గుండా బయటికి పోతుంది, అయినా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం లోపల నిలబడలేం. ఇనుప తలుపు గడియ చేత్తో పట్టుకోలేం. పీవీసీ పైపులు రేకు కింద దూలాలకు కట్టి పెడితే వంగిపోయాయి, ఇప్పుడు నేల మీదే పరిచి పెడుతున్నాం. పురుగుమందులు, పెయింటు డబ్బాలు అక్కడ ఉంచట్లేదు. విత్తనం కాయలకైతే బాగుంది. చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడం పెట్టి వేస్తే తేమ తగలదు, బూజు పట్టలేదు. యూరియా, పొటాష్ బస్తాలు మాత్రం ఇనుప పైపుకు ఆనించొద్దు, తుప్పు తొందరగా పడుతుంది. ఎలుకలు లేవన్నాను గానీ, బండల సందుల్లో సిమెంటు రాలిన చోట తేళ్లు చేరుతున్నాయి. చీకట్లో చెయ్యి పెట్టకండి.

రెడీమేడ్ షెడ్డు కొనాలా, ఇట్ల కట్టుకోవాలా అని అడిగేవాళ్లకు నా లెక్క ఇది: తాడిపత్రి, బేతంచెర్ల దగ్గర్లో ఉంటే బండలే తెచ్చుకోండి, రవాణా తక్కువ. అద్దె ఇంట్లో ఉంటే వద్దు, నాటిన బండను మళ్లీ పీకడం నాటడం కంటే కష్టం. రేకుల మీద బోద గడ్డి కప్పిస్తే వేడి తగ్గుతుందని మా అత్త చాన్నాళ్లుగా అంటోంది. బోద దొరికితే వచ్చే ఎండాకాలానికి ముందే వేయించాలి, దాన్ని గాలికి లేవకుండా ఎట్ల కట్టాలన్నదే ఇంకా తేలలేదు.