దవడ టక్కుమంటోందా? గార్డా, కసరత్తా, సూదులా: ఏది మేలు?

సంక్రాంతికి తేగ నములుతుంటే కుడి చెవి ముందు టక్కుమంది, నోరు సగంలో ఆగిపోయింది. ఇంట్లో అందరూ ముగ్గుల దగ్గరుంటే నేను అద్దం ముందు నిలబడి నోట్లో వేళ్ళు నిలువుగా పెట్టి చూసుకున్నాను, రెండు కూడా పట్టలేదు. మామూలుగా మూడు పట్టాలి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. అప్పటికే ఏడాదిగా చెవిపోటు అనుకుని తిరుగుతున్నాను. చెవి డాక్టరు చెవి శుభ్రంగా ఉందన్నారు, అమ్మేమో "గాలి దూరిందమ్మా" అని ఉప్పు మూటతో కాపడం పెట్టేది. కారణం గాలి కాకపోయినా ఆ కాపడం మాత్రం నిజంగా హాయినిచ్చింది, ఇప్పటికీ పెట్టుకుంటున్నాను.

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, కదిలేదే దవడ కీలు. రెండు ఎముకల మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. అది ముందుకు జారితే, నోరు తెరిచినప్పుడు కింది ఎముక దాని మీదికి ఎక్కుతూ టక్కుమంటుంది, ఎక్కలేకపోతే నోరు లాక్ అయిపోతుంది. నొప్పి లేకుండా చప్పుడు ఒక్కటే ఉంటే వైద్యమే అక్కర్లేదు, దాని కోసం డబ్బు పెట్టకండి.

నొప్పి ఉన్నవాళ్ళకి ముందు వినిపించే మాట నైట్ గార్డు, అంటే రాత్రి పళ్ళకి పెట్టుకుని పడుకునే తొడుగు. పళ్ళ అచ్చు తీసి గట్టి యాక్రిలిక్‌తో చేసి, కాటు (పై పళ్ళు, కింది పళ్ళు కలిసే తీరు) సరిచూసి ఇచ్చేది ఒక రకం, మెత్తటి రబ్బరులాంటిది ఇంకోటి. మెత్తటిది పెట్టుకుంటే కొందరు నిద్రలో ఇంకా ఎక్కువ నములుతారు. నేను గట్టిదే చేయించుకున్నాను. మొదటి వారం నోటినిండా ఉమ్మి ఊరి నిద్ర పట్టలేదు, తర్వాత అలవాటైంది. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోవడం తగ్గింది, పగటి నొప్పి మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే పగలు పళ్ళు బిగబట్టేది నేనే, అదీ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు. ఆ పనికి గార్డు ఏం చేస్తుంది? ఆన్‌లైన్‌లో దొరికే, ముందు పళ్ళకి మాత్రమే తగిలించుకునే గార్డుని రోజంతా పెట్టుకుంటే కాటే మారిపోవచ్చు, దాని జోలికి పోవద్దు.

నాకు అసలు పని చేసింది కసరత్తు. ఫిజియోథెరపిస్ట్ చేతికి గ్లవ్స్ వేసుకుని బుగ్గ లోపలి కండరాన్ని వేలితో నొక్కినప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి, లేచాక మాత్రం దవడ తేలికపడింది. ఇంట్లో చేసుకోవడానికి చెప్పింది చాలా చిన్నది: నాలుక కొనని అంగిలికి ఆనించి, నాలుక అక్కణ్ణుంచి కదలకుండా నోరు మెల్లగా తెరవడం, రోజుకి ఆరుసార్లు, సారికి ఆరు. మిగతా సమయమంతా పెదాలు కలిసి, పళ్ళు విడిగా. అది గుర్తుండటానికి ఫోన్ వెనక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించుకున్నాను, కనిపించినప్పుడల్లా పళ్ళు విడదీసేదాన్ని. తిండి చోడి అంబలి, పప్పన్నం, ఇడ్లీ. చెరకు, జంతికలు, తేగలు మానేశాను. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య ఎన్ని పడుతున్నాయో వారం వారం లెక్క రాసుకున్నాను. మూడు వారాల దాకా ఏమీ కదల్లేదు, టెన్షన్ పడి మానేద్దామనుకున్నాను, నాలుగో వారం నుంచి ఒక్కో పుల్లా పెరిగింది.

మూడోది కీలు కడగడం. మత్తిచ్చి రెండు సూదులు గుచ్చి ఒకదాంట్లోంచి సెలైన్ పంపి ఇంకోదాంట్లోంచి తీస్తారు. నోరు లాక్ అయి వారాల తరబడి కసరత్తుకి లొంగనప్పుడు దీని గురించి అడగాలి. మా స్కూల్లో ఒకావిడ విశాఖ వెళ్ళి చేయించుకున్నారు, నోరు బాగానే తెరుచుకుంది, కానీ ఆ తర్వాత ఆవిడకీ ఇవే కసరత్తులు తప్పలేదు. జారిన బిళ్ళని సూది వెనక్కి నెట్టదు, కీలుని వదులు చేస్తుంది, అంతే.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా మూడు నెలలు దాటిన నొప్పికి కసరత్తు, చేతితో చేసే చికిత్స, మనసుకి ఇచ్చే కౌన్సెలింగ్‌లనే గట్టిగా సిఫార్సు చేశాయి. గార్డు, కడగడం, బోటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) మాత్రం మామూలుగా వద్దనే అన్నాయి, కాకపోతే అంత గట్టిగా కాదు. బిళ్ళ తీసేసే ఆపరేషన్, కాటుని శాశ్వతంగా మార్చే గార్డులు వద్దేవద్దన్నాయి. అందుకే నా లెక్కలో కసరత్తు ముందు, నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి తోడుగా గార్డు, లాక్ విడవకపోతేనే సూదులు. నాకు ఒకచోట పళ్ళు అరగదీస్తే సరిపోతుందన్నారు, కుర్చీలోంచి లేచి వచ్చేశాను. అరగదీసిన పన్ను మళ్ళీ రాదు కదా, గార్డు నచ్చకపోతే తీసి పక్కన పెట్టొచ్చు.

ఇంకొక్క మాట, ఇది మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళకి. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళకి నోరు రోజురోజుకీ తక్కువ తెరుచుకుంటుంటే, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మలకి అంగిట్లో తెల్లమచ్చో మానని పుండో కనిపిస్తే, కీలు నొప్పేలే అని ఊరుకోకండి, వెంటనే నోటి పరీక్ష చేయించండి. తెరిచిన నోరు మూతపడకపోయినా, జ్వరంతో దవడ వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగతావాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నోట్లో ఎన్ని వేళ్ళు పడుతున్నాయో, నొప్పి పొద్దున ఎక్కువో సాయంత్రం ఎక్కువో రెండు వారాలు రాసి ఆ కాగితం పట్టుకెళ్ళండి. నన్ను గార్డు నుంచి కసరత్తు వైపు మళ్ళించింది ఆ కాగితంలోని సాయంత్రాల నొప్పే.